ఆఫ్రికా సర్జరీ క్యాంపుకి వెళ్లాలా అని అడిగిన తమ్ముడికి, ఒక మత్తు డాక్టర్ జవాబు

తమ్ముడూ, మిగతావాళ్లకి కూడా అర్థం కావాలని నీ ప్రశ్న మళ్లీ ఒకసారి రాస్తున్నాను. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లుగా జనరల్ సర్జన్‌గా చేస్తున్నావు. తూర్పు ఆఫ్రికాలో పది రోజుల ఉచిత ఆపరేషన్ల క్యాంపుకి ఒక సంస్థ పిలిచింది. విమానం టికెట్టు, ఉండే ఖర్చు నీవే. హెర్నియాలు, వరిబీజాలు, థైరాయిడ్ గడ్డలు ఉంటాయట. "కేసులు బోలెడు దొరుకుతాయి, చెయ్యి తిరుగుతుంది" అన్నారట. వెళ్లాలా, వెళ్తే ఏం సర్దుకోవాలి అని అడిగావు.

నేను సర్జన్‌ని కాదు, మత్తు డాక్టర్‌ని. కాకతీయ మెడికల్ కాలేజీలో చదివాను, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చాలా ఏళ్లు థియేటర్లో నిలబడ్డాను, ఇప్పుడు రిటైరై హనుమకొండలో ఉంటున్నాను. ఇలాంటి క్యాంపులకి ఏడుసార్లు బయటి దేశాలకి వెళ్లాను. అందులో రెండుసార్లు వెళ్లకుండా ఉంటే బాగుండేది. కాబట్టి నా మాట కొంచెం పుల్లగా ఉంటే ఏమనుకోకు.

కేసులు దొరుకుతాయనే మాట దగ్గరే నాకు చిరాకేసింది. దొరకడమేమిటి, చెరువు అలుగు పోస్తే చేపలు దొరికినట్టు? అవసరం ఉన్నమాట మాత్రం నిజం. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క తీస్తే ప్రపంచంలో 500 కోట్ల మందికి, కావలసినప్పుడు, అప్పులపాలు కాకుండా, ప్రాణభయం లేకుండా ఆపరేషన్ చేయించుకునే దారి లేదని తేలింది. ఏటా జరిగే 31 కోట్ల పైచిలుకు ఆపరేషన్లలో, జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్న అతి పేద దేశాల వాటా ఆరు శాతమే. ఇంకో 14 కోట్ల 30 లక్షల ఆపరేషన్లు ఏటా అదనంగా జరగాలన్నారు. పది రోజుల క్యాంపులో మీరు చేసేది అరవయ్యో డెబ్బయ్యో. ఆ డెబ్బైమందికి అది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ లోటు క్యాంపులతో పూడేది కాదని తెలిసి వెళ్లు.

అదే కమిషన్ ఇంకో మాట చెప్పింది. ఒక జిల్లా ఆసుపత్రి పనికొస్తుందా లేదా తెలియాలంటే మూడు పనులు చూడమంది. సిజేరియన్, కడుపు తెరిచి చేసే ఆపరేషన్, ఎముక విరిగి బయటికొచ్చిన గాయానికి వైద్యం. ఈ మూడూ రాత్రి రెండు గంటలకు వచ్చినా చేయగలిగితే, హెర్నియాలు వాటంతట అవే అవుతాయి. మనం క్యాంపుకి వెళ్లి చేసేది మాత్రం సరిగ్గా ఈ మూడూ కానివే. ఎందుకంటే ఇవి తేదీ చెప్పి రావు కదా.

అందుకని ఆ సంస్థవాళ్లని ఎన్ని కేసులు అని అడగకు. పదకొండో రోజు కట్టు ఎవరు విప్పుతారని అడుగు. పేరు చెప్పమను. అక్కడి సర్జన్ పేరో, క్లినికల్ ఆఫీసర్ (డాక్టర్ డిగ్రీ లేకపోయినా శిక్షణతో వైద్యం చేసేవాళ్లు) పేరో, నర్సు పేరో. "లోకల్ టీమ్ చూసుకుంటుంది" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. నేను నా రెండు తప్పు ప్రయాణాల్లోనూ ఈ జవాబునే నమ్మాను.

మొదటి తప్పు ప్రయాణంలో చివరి రోజు మధ్యాహ్నం. నలభై దాటిన ఆమె, మెడలో కొబ్బరికాయంత థైరాయిడ్ గడ్డ. పడుకుంటే ఊపిరి ఇబ్బందిగా ఉందంది. మా టీమ్ పెద్ద సర్జన్, మంచి చెయ్యి ఉన్నాయన, చేసేద్దాం అన్నాడు. మరుసటి రోజు తెల్లవారుజామున మా బస్సు. నేను ఒక్కటే అడిగాను: ఈ రాత్రి మెడలో రక్తం నిండితే కుట్లు విప్పేదెవరు? వార్డులో రాత్రిపూట ఒక్క నర్సు, యాభై పడకలు. గొంతు నొక్కుకుపోవడం మొదలైతే చేతిలో ఉండేది కొన్ని నిమిషాలు. ఆ టైములో కుట్లు విప్పాలని తెలిసినవాళ్లు, ట్యూబు వేయగలిగినవాళ్లు పక్కనే ఉండాలి. "ఏళ్ల తరబడి ఎదురుచూస్తోంది, నువ్వు ఆపుతావా?" అన్నాడాయన. ఆపాను. మత్తు ఇవ్వనన్నాను. రాత్రి భోజనం దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు.

మరుసటి ఏడాది ఆ సంస్థ ఇంకో ఊరు ఎంచుకుంది. ఆమె ఏమైందో నాకు తెలియదు. నేను చేసింది సరేనని ఇప్పటికీ అంటాను, కానీ గట్టిగా అనలేను. అసలు తప్పు చివరి రోజు వద్దనడంలో లేదు. గడ్డల కేసులన్నీ మొదటి రెండు రోజుల్లోనే పెట్టుకోకపోవడంలో ఉంది. పెద్ద ఆపరేషన్లు మొదట, చిన్నవి చివర, ఆఖరి రెండు రోజులు కట్లు చూడటానికే. మీ ప్రోగ్రామ్ కాగితంలో చివరి రోజు సాయంత్రం దాకా ఆపరేషన్లు వేసి ఉంటే ఆ సంస్థ సంగతి నీకు అక్కడే తెలిసిపోతుంది.

రెండో సంగతి నా తప్పే, ఇంకెవరిదీ కాదు. గ్రహణం మొర్రి ఉన్న ఏడు నెలల పాప. మొర్రికి పాత లెక్క ఒకటుంది: పది వారాల వయసు, పది పౌన్ల బరువు, హిమోగ్లోబిన్ పది. పాపకి మూడూ సరిపోయాయి. కానీ ముక్కు కారుతోంది, కొంచెం దగ్గు. ఎంజీఎంలో అయితే మూడు వారాలు ఆగి రమ్మని పంపేదాన్ని. కానీ ఆ తల్లి రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. మూడు వారాల తర్వాత మేముండం. సరేనన్నాను. మత్తులోకి వెళ్తుండగా పాప గొంతు బిగుసుకుపోయింది. గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నీలం. బిగుసుకున్న గొంతుని వదులు చేసే మందు సక్సినైల్‌కోలిన్ ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ పక్క గదిలో. అక్కడి మత్తు ఆఫీసర్ పరుగెత్తి తెచ్చాడు. హనుమకొండ నుంచి నేను పట్టుకెళ్లిన చిన్నపిల్లల అంబు బ్యాగ్‌తో చాలాసేపు చేత్తోనే ఊపిరి ఇచ్చాం. పాప బతికింది. ఆపరేషన్ చేయకుండానే తిప్పి పంపాం. తల్లి పాపని ఒళ్లోకి తీసుకుని, మొహం మీది గుడ్డ తీసి చూసి, నా వైపు చూసింది. ఆపరేషన్ అయిపోయిందనుకుంది ఆమె.

దూరం నుంచి వచ్చారు, మళ్లీ దొరకరు అన్న జాలి ఉంది చూడు, థియేటర్లో దానికంటే పెద్ద ప్రమాదం లేదు. మన దగ్గర చేయని కేసు అక్కడా చేయకూడదు. ఎంఎస్ అయ్యాక నువ్వు ఒంటరిగా ఎన్ని థైరాయిడ్లు చేశావు? నాకు చెప్పక్కర్లేదు, నీకు తెలుసు. చెయ్యి కరీంనగర్‌లో తిప్పుకుని వెళ్లు.

ఆ ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తినాయన గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన ఎంబీబీఎస్ కాదు. క్లినికల్ ఆఫీసర్, మత్తులో విడిగా శిక్షణ తీసుకున్నాడు. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో జిల్లా ఆసుపత్రులు నడిచేది చాలావరకు ఇలాంటివాళ్ల మీదే. సిజేరియన్లు కూడా వీళ్లే చేస్తారు కొన్ని దేశాల్లో. మనకు ఇది వింతగా అనిపిస్తుంది, ఒక్కోసారి చులకన కూడా. మా టీమ్‌లో ఒకాయన ఆయన్ని ట్రాలీ తోయమన్నాడు, నేను సిగ్గుతో చచ్చాను. కెటమిన్ అనే మత్తుమందు మీద, వెన్నులో ఇచ్చే స్పైనల్ మత్తు మీద ఆయనకున్న పట్టు నాకు లేదు. కరెంటు పోతే ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ ఆగిపోతుంది, జనరేటర్ అందుకునేలోపు ఏం చేయాలో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. తొంభైల్లో ఏటూరునాగారం వైపు క్యాంపులు చేసినప్పుడు మేమూ అలాగే ఉండేవాళ్లం. ఇప్పుడు మానిటర్లకు అలవాటు పడి మర్చిపోయాం.

మానిటర్ అంటే గుర్తొచ్చింది. 2010లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 77 వేలకు పైగా ఆపరేషన్ థియేటర్లలో రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పల్స్ ఆక్సిమీటర్ లేదు. దాని కోసమే 2011లో లైఫ్‌బాక్స్ సంస్థ పుట్టింది. నువ్వు అక్కడ ఏదైనా వదిలి రావాలనుకుంటే చాక్లెట్లు, టీషర్టులు వద్దు. బ్యాటరీతో నడిచే మంచి ఆక్సిమీటర్ ఒకటి, చిన్నపిల్లలకి పెట్టే ప్రోబ్‌తో సహా ఇచ్చిరా.

ఇక్కడ ఒక పిట్టకథ. 1888, 1889ల్లో హైదరాబాద్‌లో, అప్పట్లో మత్తుకి వాడే క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి క్లోరోఫాం కమిషన్లని జరిగాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ మొదలుపెట్టాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టాడు, రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు అని తేల్చారు. గుండె కూడా ఉన్నట్టుండి ఆగొచ్చని తర్వాత రుజువైంది, అది వేరే సంగతి. కానీ ఊపిరి మీద కన్ను తీయొద్దన్న లారీ మాట కరెంటు లేని థియేటర్లో ఇప్పటికీ పనికొస్తుంది. మీ సర్జన్లు ఈ ముక్క ఎప్పుడూ చదవరు.

హెర్నియా సంగతికి వద్దాం, అది నీ పని కాబట్టి. ఇక్కడి నుంచి ఖరీదైన మెష్ (హెర్నియా దగ్గర లోపల కుట్టే వల గుడ్డ) పెట్టెలు మోసుకెళ్లి, నువ్వొచ్చేశాక వాళ్లకి దొరకని పద్ధతి నేర్పి రావడం దండగ. మహారాష్ట్రలోని దోండాయిచాలో రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ అనే సర్జన్ దోమతెర గుడ్డని కత్తిరించి, స్టెరిలైజ్ చేసి హెర్నియాకి వాడటం మొదలుపెట్టారు. మొదట చాలామంది నవ్వి ఉంటారు. తర్వాత ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద, సగం మందికి దోమతెర మెష్, సగం మందికి కంపెనీ మెష్ పెట్టి చూశారు. ఏడాది తర్వాత తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఏ దోమతెర పడితే అది కాదు, దారం రకం, స్టెరిలైజ్ చేసే వేడి రెండూ ముఖ్యం. వెళ్లేముందు ఆ పేపర్ చదువు. మన దేశపు పల్లెటూరి సర్జన్ తీసిన దారి అక్కడ పనికొచ్చిందంటే నాకైతే ముచ్చటేసింది.

సంస్థల్లో రకాలున్నాయి. గ్రహణం మొర్రి పిల్లల కోసం పనిచేసే ఆపరేషన్ స్మైల్ 1982లో, ఫిలిప్పీన్స్‌లో ఒక క్యాంపుకి వెళ్లిన దంపతులు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందిని వెనక్కి పంపాల్సి రావడంతో మొదలుపెట్టింది. టీమ్‌లు వెళ్లి చేసి రావడం దాని మొదటి పద్ధతి. అదే పని మీద 1999లో వచ్చిన స్మైల్ ట్రెయిన్ దారి వేరు: టీమ్‌ని పంపడం కంటే అక్కడి డాక్టర్లకే శిక్షణ, డబ్బు ఇవ్వడం. మెర్సీ షిప్స్ 1978 నుంచి ఓడనే ఆసుపత్రి చేసి రేవులో నెలల తరబడి ఆపుతుంది. పనిచేసేవాళ్లు తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. ఎంఎస్ఎఫ్ (సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ) అయితే యుద్ధాలు, భూకంపాల చోట్లకి, పది రోజులకి పంపదు, వారాలు, నెలలు కావాలి. నీ వయసులో, ఇంట్లో చిన్నపిల్లలుంటే అది కష్టం, తెలుసు.

నాకు వీళ్లందరికంటే నచ్చేది ఇథియోపియా కథ. రెజినాల్డ్ హామ్లిన్, కేథరిన్ హామ్లిన్ అనే డాక్టర్ దంపతులు 1959లో మూడేళ్ల ఒప్పందం మీద అడిస్ అబాబాకి వెళ్లారు. కాన్పు రోజుల తరబడి ఆగిపోయి, బిడ్డ పోయి, మూత్రం ఆగకుండా కారుతూ, ఊరూ ఇల్లూ వెలేసిన ఆడవాళ్లని చూశారు. ఇక తిరిగి రాలేదు. 1974లో వాళ్ల కోసమే ఆసుపత్రి కట్టారు. కేథరిన్ 2020లో అక్కడే కన్నుమూసింది. అక్కడ వైద్యానికి వచ్చిన మమితు గాషే అనే ఆమె, బడి మొహం చూడని మనిషి, థియేటర్లో సాయం చేస్తూ చేస్తూ ఆ ఆపరేషన్ చేయడమే నేర్చుకుంది. తర్వాత డాక్టర్లకి నేర్పింది కూడా.

అంత దూరం ఎందుకు, మన డిచ్‌పల్లి లేదా? నిజామాబాద్ పక్కన 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కుష్టు రోగులకి ఆసుపత్రి పెట్టారు. డబ్బు, భూమి దగ్గర రాజా నర్సాగౌడ్ ఆదుకున్నారు. మా నాయనమ్మ "డిచ్‌పల్లి దవాఖాన" అని గౌరవంగా అనేది, ఆ కాలంలో కుష్టు పేరెత్తితేనే దూరం జరిగేవాళ్లట. మిషన్లు అనగానే మతం గొడవ తీసుకొచ్చేవాళ్లు ఉంటారు, ఆ వాదన ఇక్కడ నాకొద్దు. ఒకప్పుడు మనమే ఆ వరసలో, బెంచీ మీద కూర్చున్నవాళ్లం. వచ్చిన డాక్టర్ పది రోజుల్లో వెళ్లిపోయి ఉంటే నాయనమ్మకి ఆ పేరు కూడా గుర్తుండేది కాదు.

ఇక నీ సర్దుబాటు. ఆ దేశపు మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా కత్తి పట్టకు. "ఉచితమే కదా, ఎవరడుగుతారు" అని చెప్పే సంస్థలున్నాయి. ఏదైనా జరిగితే ఆ మాట అన్నవాళ్లు కనబడరు. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ నుంచి, నీ మీద ఏ మచ్చా లేదని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అడుగుతారు, దానికి ముందే అప్లై చెయ్. ఆ దేశంలో పొరపాటు జరిగితే కవర్ చేసే ఇన్సూరెన్స్ ఉందా లేదా కాగితం మీద చూడు. ఇక్కడి ఇండెమ్నిటీ పాలసీ మామూలుగా అక్కడిదాకా రాదు.

మందులు మోసుకెళ్లే ముందు రెండు విషయాలు. గడువు దగ్గరపడ్డ శాంపిళ్లు పట్టుకెళ్లకు. దానమిచ్చే మందులకి అక్కడ చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మనం చెత్తబుట్టలో వేయాల్సింది వాళ్ల చెత్తబుట్ట దాకా మోయడం సేవ కాదు. రెండు, కెటమిన్, ఫెంటనిల్ లాంటివి సూట్‌కేసులో పెట్టుకుని ఎయిర్‌పోర్టుకి పోకు. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందులవి. సేవకి పోతున్నానన్నా కస్టమ్స్‌వాళ్లు వినరు. అవి అక్కడే కొనే ఏర్పాటు ఉందా అని నీతో వచ్చే మత్తు డాక్టర్‌ని అడుగు. అసలు మత్తు డాక్టర్ ఎవరో అడుగు ముందు. ఐదుగురు సర్జన్లు, ఒక్క మత్తు డాక్టర్ అంటే వెళ్లకు.

కరెంటు మనలాగే 230, 240 వోల్టులు, కానీ కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో ప్లగ్గు బ్రిటిష్‌వాళ్ల చదరపు మూడు పిన్నులది. ఒక ఊళ్లో మా డయాథర్మీ (కరెంటుతో రక్తం ఆపే యంత్రం) ఒక పూటంతా మూలన కూర్చుంది ఈ ప్లగ్గు లేకే. సిలిండర్ రంగు చూసి ఆక్సిజన్ అనుకోకు. మనకు నల్ల ఒళ్లు, తెల్ల భుజం అలవాటు. అమెరికా నుంచి వచ్చిన దానం సిలిండర్ ఆకుపచ్చగా ఉంటుంది. పేరు చదివి, పెట్టాక ఆక్సిమీటర్ చూడాలి. అది నా పనే, కానీ నీకూ తెలిసి ఉండాలి. ఆపరేషన్‌కి ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టు గట్టిగా చదవండి, అక్కడి నర్సుతోనే చదివించండి. 2009లో వచ్చిన ఎనిమిది ఆసుపత్రుల అధ్యయనంలో, అందులో ఢిల్లీది ఒకటి, టాంజానియాలోని ఇఫకారాది ఒకటి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి దిగాయి. ఒక కాగితం ముక్కకి అంతకంటే ఏం కావాలి.

సంతకం గురించి. రోగి భాష నీకు రాదు, వేలిముద్ర వేయించుకుంటే సరిపోదు. దుబాసీతో చెప్పించాక, "నీకేం చేస్తున్నామో నువ్వు చెప్పు" అని రోగినే అడగమను. ఒకసారి వరిబీజం ఆపరేషన్‌కి సంతకం పెట్టినాయన, పిల్లలు పుట్టకుండా చేస్తున్నారేమోనని రాత్రికి రాత్రే వెళ్లిపోయాడు. మన దగ్గర కుటుంబ నియంత్రణ క్యాంపుల రోజుల్లో ఉన్న భయం లాంటిదే అది. తప్పు ఆయనది కాదు. ఇంకొకటి, థియేటర్లో ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టకు. కరీంనగర్‌లో నీ పేషెంట్ బట్టల్లేకుండా పడుకున్న ఫోటో పెడతావా?

సూది గుచ్చుకుంటే సిగ్గుపడి దాచుకోకు. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు 72 గంటల్లోపు, ఎంత తొందరైతే అంత మంచిది, 28 రోజులు వేసుకోవాలి. ఒక పూర్తి కోర్సు టీమ్ పెట్టెలో ఉండాలి. హెపటైటిస్ బి టీకా ఎప్పుడో వేయించుకున్నానని వదిలేయకు, అది ఇంకా పనిచేస్తోందో లేదో తెలియడానికి రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించుకో. మలేరియా మాత్రలు వచ్చాక కూడా కొనసాగించాలి, ఎన్నాళ్లన్నది మాత్రని బట్టి మారుతుంది.

ఇంతా చదివి "మేడం వద్దంటోంది" అనుకోకు. ఆ ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తినాయన ఉన్న ఊరికి తర్వాత మూడుసార్లు, ప్రతిసారీ అదే ఊరికి, ఇద్దరం ముగ్గురమే వెళ్లాం. కేసులు తక్కువ చేశాం. రెండోసారి వెళ్లేసరికి సక్సినైల్‌కోలిన్ సిరంజిలోకి తీసి, పేరు రాసి, ట్రేలో పెట్టి ఉంది. అది మాత్రం నేను నేర్పానని చెప్పుకుంటాను. ఇప్పటికీ ఏదైనా ఇబ్బంది కేసు వస్తే వాట్సాప్‌లో అడుగుతాడు, నేనూ ఆయన్ని అడుగుతాను.

నువ్వు చేయాల్సింది ఏమిటంటే, ఆ సంస్థవాళ్లకి ఈ మూడూ ఇవాళే రాసి పంపు: పదకొండో రోజు చూసేది ఎవరు, మత్తు డాక్టర్లు ఎంతమంది, మళ్లీ అదే ఊరికి ఎప్పుడు వెళ్తారు. జవాబు వచ్చాక ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను. ఈలోగా ఎల్లో ఫీవర్ సూది పని చూసుకో, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. ఆ పసుప్పచ్చ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకో. అది లేకుండా ఆ వైపు దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టేస్తారు.